సప్పుడు చెయ్యొద్దన్న ఇళ్లలో రాక్ పాట

మెలోడీ అంటే నాకు ఒళ్లు మంట. ఫంక్షన్లలో ఎవరైనా కళ్లు మూసుకుని సన్నగా పాడడం మొదలుపెడితే నేను ప్లేటు పట్టుకుని బయటికి వెళ్లిపోతాను. "గంత మంచి పాటకు లేచిపోతవేంది?" అని మా ఆయన విసుక్కుంటాడు. మంచి పాటే కావచ్చు. నాకు మాత్రం ఎవరో నోటి మీద వేలు పెట్టి ఊరుకోమంటున్నట్టు ఉంటుంది.

ఆ ఊరుకోమనడం చిన్నతనమంతా విన్నాను. గోదావరిఖనిలో మాది రెండు గదుల కంపెనీ క్వార్టర్. నైట్ షిఫ్టు వారమైతే బాపు పొద్దున బొగ్గు గని నుంచి వచ్చి, ఇంత తిని, ముందు గదిలో పడుకునేవాడు. ఇక ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు. కుక్కర్ కూతకు వచ్చిందనగానే అమ్మ పరుగెత్తి పొయ్యి మీంచి దించేసేది. అక్కా నేనూ కొట్లాడుకున్నా గుసగుసగానే. జుట్టు పట్టి లాక్కుంటూ, పళ్లు బిగబట్టి, చప్పుడు లేకుండా ఏడ్చేవాళ్లం. "సప్పుడు చెయ్యకుండ్రి, బాపు పండుకున్నడు. నిద్రలేకుండ గనిల దిగితే మనిషి దక్కుతడా?" అనేది అమ్మ. ఆ మాటకు ఎదురేం చెప్తాం? నోరు మూసుకున్నాం. కోపం మాత్రం ఎక్కడికి పోతుంది?

స్కూల్లో నా పక్కన కూర్చునే అమ్మాయి కోస్తా నుంచి వచ్చిన ఇంజినీరు గారి కూతురు. ఒక మధ్యాహ్నం నన్ను వాళ్ల బంగ్లాకు తీసుకెళ్లింది. వాళ్ల నాన్న పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే మనిషి. పగలు ఆ ఇంట్లో పడుకునేవాళ్లే లేరు. హైదరాబాద్‌లో చదివే అన్న తెచ్చిన క్యాసెట్టు పెట్టి, సౌండు చివరిదాకా తిప్పేసింది. "దీన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారే," అంది గొప్పగా.

ముందు గిటారు గరగరమంది, రేకుల మీద గొలుసు ఈడ్చినట్టు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, విసుగ్గా ఏదో గొణుగుతున్నట్టు. అంతలోనే అరుపు! తీపి లేదు, సోకు లేదు, గొంతు పగిలినా ఫికర్ లేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆమెను ఎవ్వరూ ఊరుకోమనలేదని అర్థమైంది. "గింత సౌండ్ పెడితే మీ ఇంట్ల ఎవరేమనరా?" అని అడిగాను. "ఎవరంటారు? ఎందుకంటారు?" అంది. ఆ పిల్ల మీద అప్పుడు పుట్టిన కడుపుమంట ఇంకా చల్లారలేదు. క్యాసెట్టు మాత్రం అడుక్కుని తెచ్చుకున్నాను.

అప్పటి నుంచి నా చెవికి ఆ మోతే కావాలి. క్యాసెట్లు పోయి సీడీలు, అవి పోయి ఫోన్లు వచ్చాయి. ఎవరు కొత్తగా పాడినా గొంతులో ఆ గరుకు ఉందా అని చూస్తాను. లేకపోతే తీసేస్తాను. అన్నీ ఇయర్‌ఫోన్లలోనే విన్నాను.

ఇప్పుడు గనివాళ్లుండే సెంటినరీ కాలనీలో ఉంటున్నాం. మా ఆయన గనిలో, నేను దవాఖానలో నర్సును. ఆయనకు నైట్ షిఫ్టు పడితే ఇంట్లో ఈగ వాలిన చప్పుడు కూడా ఉండకూడదు. కూరగాయల బండిని వీధి చివరే ఆపి సైగలతో బేరమాడతాను. మరి నాకు నైట్ డ్యూటీ పడితే? సీరియళ్లు, కుక్కర్ కూతలు, ఫోన్లో అత్త పంచాయితీలు. "పగటిపూట ఆడోళ్లు పండుకునుడేంది?" అంటుంది అత్త. కళ్లు మూతపడే వేళకు ఆయన తలుపు తోసి, "ఏమే, నా అంగి ఏడ పెట్టినవ్?" అంటాడు. ఒక రాత్రి వార్డులో చేతిలో ఇంజెక్షన్ పట్టుకుని, ఏ మంచం దగ్గరికి బయల్దేరానో గుర్తురాక నిలబడిపోయాను.

మర్నాడు ఆదివారం. డ్యూటీ దిగొచ్చి పడుకున్నాను. ముందు గదిలో మా ఆయన క్రికెట్టు చూస్తూ చప్పట్లు, ఈలలు. ఎన్నిసార్లు చెప్పినా "జెర ఓర్సుకో, అయిపోవస్తుంది" అనడమే. లేచాను. గదికి గడియ వేసి, స్పీకర్ మంచం పక్కన పెట్టి, నా పాట చివరిదాకా పెంచాను. ఎలాగూ చప్పుడులోనే పడుకోవాలంటే నా చప్పుడులోనే పడుకుంటాను. ఒట్టు, వెంటనే నిద్ర పట్టింది.

కిటికీ బాదుతుంటే మెలకువ వచ్చింది. పక్క క్వార్టర్ ఆమె. "అక్కా, ఏం లొల్లి ఇది? మా ఆయన నైట్ డ్యూటీ దిగొచ్చి పండుకున్నడు!"

"నేను గూడ నైట్ డ్యూటీ నుంచే వచ్చిన," అన్నాను.

ఆమె ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వు గూడ పండుకుంటవా?" అంది.

ఆమె మొహం మీదే కిటికీ వేసేశాను. సౌండు తగ్గించలేదు. జాలి కలిగిందా అంటే, లేదు.

సాయంత్రం నేను తయారై గదిలోంచి వచ్చేసరికి మా ఆయన ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు, ముందు టీవీ మోగుతోంది. "పక్కోడు రాత్రికి మళ్ల గనిల దిగాలె. నిద్రలేకుంటే ఎట్ల? మనిషివేనా నువ్వు?" అన్నాడు.

"నేను రాత్రికి సూదులెయ్యాలె. నిద్రలేకుంటే ఎట్లని ఈ ఇంట్ల నన్ను ఒక్కలన్న అడిగిన్రా?"

అరిచాను. ఊరుకోమనడానికి నోరు తెరిచిన అత్త కూడా మూసుకుంది. ఆయన రిమోట్ తీసుకుని టీవీ సౌండు తగ్గించాడు. ఆపలేదు, తగ్గించాడు. నేనప్పటికే బ్యాగు భుజాన వేసుకుని డ్యూటీకి గడప దాటాను.