క్లారీ హాబ్డెన్ తొమ్మిదో దుర్బీను

క్యాథరిన్ ఊరి గన్ క్లబ్బులో క్లారీ హాబ్డెన్ కుడి కనుబొమ మీది నెలవంక మచ్చ తెలియనివారు లేరు. అడవిదున్నల కోసం ఉంచుకున్న అతని రైఫిల్ పేలినప్పుడల్లా గాడిదలా వెనక్కి తంతుంది; ఒకసారి గురి చూడటానికి దాని పైన బిగించిన దుర్బీను వచ్చి కొట్టిన దెబ్బే ఆ మచ్చ. ఆ తన్నుకు తట్టుకునే దుర్బీను కోసం పదేళ్లుగా వెతుకుతున్నాడు. టీలో ముంచిన బిస్కెట్టు కరిగి కప్పులో జారిపోయేదాకా కేటలాగులు చదువుతాడు. కొత్తది బిగిస్తాడు. ఆరు గుళ్లు గురి అట్ట మీదికే వెళతాయి, ఏడోది పక్కనున్న చెదలపుట్టలో దిగుతుంది. "ఇదీ పీనుగే!" అని దాన్ని వరండా కింది డబ్బాలో పారేస్తాడు. "స్క్రూలు చూశావా?" అంటుంది భార్య నోరీన్. "దున్నల్ని కొట్టేవాడికి స్క్రూలు నేర్పుతావుటే?" అంటాడు.

తొమ్మిదోది కూడా పాడైతే వేట మానేస్తానని క్లబ్బులో ఒట్టేశాడు. బొటనవేలు వాచి ఉండటంతో బిగించే పని నోరీన్‌కు వదిలాడు. ఆదివారం ఆమెను వెంటబెట్టుకుని క్లబ్బుకు వెళ్లి ఇరవై గుళ్లు పేల్చాడు. ఇరవయ్యీ అట్ట నడిమి నల్లచుక్కలోనే పడ్డాయి. "సరుకంటే ఇదీ!" అని క్లారీ రొమ్ము విరుచుకున్నాడు. పక్కనున్న క్లబ్బు సభ్యుడు బ్రైస్ దుర్బీను మీదికి వంగి చూశాడు. "ఏమయ్యా క్లారీ, స్క్రూల మీద ఈ ఎర్రరంగేంటి?"

"నా గోళ్లరంగు," అంది నోరీన్. "స్క్రూలు గట్టిగా బిగించి, మళ్లీ వదులవకుండా పూశా. తొమ్మిదోది ఇంకా పెట్టెలోనే ఉంది. ఇది నువ్వు మొట్టమొదట పారేసిన పీనుగు."

క్లారీ మచ్చను ఒకసారి తడుముకుని అందరివైపూ తిరిగాడు.

"విన్నారుగా? నా మొదటి ఎంపికే సరైనది."