పొంగని ఆలుగడ్డ

నా చిన్నప్పుడు ఒక ఆలుగడ్డ ముక్క నా ఏడుపు ఆపింది. నిన్న, యాభై మూడేళ్ల వయసులో, కెమిస్ట్రీ డిగ్రీ పట్టా చేతికొచ్చినప్పటి నుంచి అదే గుర్తొస్తోంది. మా ఇంట్లో ఇదే మొదటి పట్టా! కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చే బస్సులో కండక్టరుకు కూడా చూపించాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ బీడీలు చుట్టేది. ఆమె బొటనవేలు ఆడితేనే మా పొయ్యి వెలిగేది. ఒక పొద్దున నేను బీడీ ఆకు కత్తిరిస్తూ ఆటకు లేచి, తెరిచిన కత్తెరను చాటలో ఆకుల కింద వదిలేశాను. అవ్వ ఆకు కోసం చెయ్యి పెట్టింది. బొటనవేలి మొదట్లో లోతుగా తెగింది. చాటంతా ఎర్రబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

మా వాడకట్టు చివర దవాఖానలో పనిచేసే నర్సమ్మ ఉండేది. అవ్వ చెయ్యి పట్టుకుని ఆమె ఇంటికి పరుగెత్తింది, వెనకే నేను. ఆమె గోధుమరంగు సీసాలోని మందు గాయం మీద పోయగానే తెల్లటి నురగ బుసబుసమని పొంగింది. అవ్వ పళ్లు బిగపట్టింది. నాకు అన్నం పొంగడమొక్కటే తెలుసు. చెయ్యి ఉడికిపోతోందనుకున్నాను. ఇక అవ్వ బీడీలు చుట్టలేదని, అదంతా నా వల్లేనని ఏడుపు అందుకున్నాను.

"ఆపు నర్సమ్మా! మా అవ్వ చెయ్యి ఉడుకుతున్నది!"

"లొల్లి వెట్టకు పిల్లా. ఇటు రా," అంది నర్సమ్మ.

కట్టు కట్టాక, ఒక పచ్చి ఆలుగడ్డను కోసి ఆ మందే పోసింది. అదీ బుసబుసలాడింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఏలు పెట్టి చూడు."

కళ్లు మూసుకుని పెట్టాను. కాలలేదు. కాస్త గోరువెచ్చగా ఉంది, అంతే. ఆ ముక్కను తుడిచి మళ్లీ పోస్తే మళ్లీ పొంగింది. ముక్క మాత్రం కొంచెం కూడా తరగలేదు. తర్వాత పొయ్యి మీద కూర కోసం ఉడికిన ఆలుగడ్డ ఒకటి తీసి దాని మీద పోసింది. చలనం లేదు.

"చూసినవా? ఉడికినదానికి పొంగు రాదు. మీ అవ్వ చెయ్యి పచ్చిగున్నది గనుకనే పొంగింది. ఈ మందు సీసాల గూడ మెల్లగ ఇరుగుతనే ఉంటది. నెత్తురు తగిలితె జల్ది ఇరుగుతది, జెర వేడి పుడ్తది."

"మరి బీడీలు చుడ్తదా?"

"పది దినాలు ఆగు. నీకన్న జల్దే చుడ్తది."

నెత్తురులోనూ పచ్చి ఆలుగడ్డలోనూ ఉండి ఆ మందును విరగ్గొట్టేది ఒక ఉత్ప్రేరకమని, అది తాను తరగకుండానే పనిని తొందరపెడుతుందని, ఉడికిస్తే పాడైపోతుందని ఈ వయసులో పుస్తకంలో చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నిన్న పట్టాను అవ్వ చేతిలో పెట్టాను. మచ్చ ఉన్న ఆ బొటనవేలితో అక్షరాలను మెల్లగా నిమిరింది. ఆ కత్తెర మాట ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. నేను మాత్రం ఇప్పటికీ కత్తెర మూయకుండా లేవను. ఇక దేనికైనా భయమేస్తే, ముందు నా వేలి కొసకు ఆ గోరువెచ్చని నురగ గుర్తొస్తుంది.