చెల్లి చర్మం కింది గడ్డలు

సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో నేనూ చెల్లీ ఒకే గదిలో ఉండేవాళ్లం. తను డిగ్రీ చదివేది. అమ్మానాన్నలు గొర్లను వదిలి మా ఊరు చివ్వెంల నుంచి రాలేరు కాబట్టి వంట నాదే. తను పుస్తకం ముందు నుంచి లేవకపోతే అన్నం కలిపి ముద్దలు నేనే నోట్లో పెట్టేవాణ్ణి.

2009 ఎండాకాలంలో చెల్లి మోచేతికి కాస్త పైన శనగగింజంత గడ్డ కనబడింది. నొప్పి లేదు. నొక్కితే చర్మం కింద జారేది. మా వీధి ఆర్‌ఎంపీ కొవ్వుగడ్డ అని తేల్చేశాడు. దసరాకల్లా వీపు మీద ఒకటి, మెడ పక్కన ఒకటి వచ్చాయి.

"అన్నా, క్యాన్సర్ గిట్ల కాదు గదా?" అంది.

"పిచ్చిదానా" అన్నాను గానీ నాకూ గుబులు పట్టుకుంది.

కోదాడలో సర్జన్ చేతి మీది గడ్డను కోసి తీసి పరీక్షకు పంపాడు. వారం తర్వాత రిపోర్టు చూసి, "పంది మాంసం తింటారా అమ్మా?" అనడిగాడు.

"మా ఇంట్ల ఎవ్వరు ముట్టరు సార్."

నేను తలెత్తలేదు. తోటి టీచర్లతో మిర్యాలగూడ పోయినప్పుడల్లా తినేవాణ్ణి. ఇంట్లో చెప్పలేదు.

"ఇది బద్దెపురుగు పిల్ల," అన్నాడు సర్జన్. "సరిగా ఉడకని మాంసం తిన్నవాళ్ల పేగుల్లో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలంలో వస్తాయి. చేతులు బాగా కడుక్కోకపోతే ఆ గుడ్లు ఇంకొకళ్ల తిండిలోకి చేరతాయి. కడుపులో అవి పగిలి పిల్లలు ఇలా చర్మం కిందికి వస్తాయి, మెదడులోకి కూడా పోతాయి. తలకు స్కాన్ తీయించండి. ఇంట్లో అందరూ మలపరీక్ష చేయించుకోండి."

స్కాన్ రిపోర్టు వచ్చింది. మెదడులో ఏమీ లేదన్నారు. నా మలపరీక్షలో మాత్రం పురుగు గుడ్లు ఉన్నాయి.

దవాఖాన మెట్ల మీదే చెల్లికి అంతా చెప్పేశాను.

"తిన్నందుకు కాదన్నా. డాక్టర్ అడిగినప్పుడు గాడ నన్ను మాట్లాడనిచ్చి నువ్వు గమ్మునున్నవ్ సూడు," అంది.

నీళ్ల వల్లో, పచ్చి ఆకుకూరల వల్లో కూడా వచ్చి ఉండొచ్చని సర్జన్ తర్వాత చెప్పాడు. ఆ మాట చెల్లి ముందు ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

ఇద్దరం మందులు వాడాం. నాలుగైదు నెలల్లో మిగతా రెండు గడ్డలూ కరిగిపోయాయి. ఆ కొన్నాళ్లూ చెల్లి తన వంట తనే చేసుకుంది, గిన్నెలు కూడా వేరు పెట్టుకుంది. పరీక్షలు దగ్గర పడ్డాక ఒక పొద్దున, "ఇయ్యాల నువ్వే వండు, నాకు టైమ్ లేదు" అని పుస్తకంలో తల పెట్టింది. బియ్యం కడిగే ముందు సబ్బుతో చేతులు ఎన్నిసార్లు రుద్దుకున్నానో!