గల్ఫ్ తగువులో నాని పేరు

నిజాంపట్నం ధనమ్మకి ఇరాన్‌లో ఒక మనిషి ఉన్నాడని రేపల్లె ప్యాసింజర్‌లో చెప్పుకునేవారు. మంగళవారం మంగళవారం ఎండు చేపల బుట్ట ఎత్తుకుని తెనాలి వచ్చేది అమ్ముకోవడానికి కాదట, ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని కంప్యూటర్‌లో అతని ముఖం చూసుకోవడానికట. అక్కడే ఇంకో పెళ్లి చేసుకుని ఉండిపోయాడని కొందరు, కాదు జైల్లో ఉన్నాడని కొందరు. ఇంకొన్నాళ్లకి, తెర మీద ముఖం కనిపించగానే ధనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందనీ, తాను కళ్లారా చూశాననీ పూలమ్ముకునే ఒకావిడ ఒట్టేసి చెప్పిందట.

మా పిన్ని మొదట్లోనే ఆ మాట రైల్లో విని ఇంటికి మోసుకొచ్చింది. ఆ సెంటర్లో పనిచేసేది నేనే కాబట్టి నన్ను వంటింట్లో నిలబెట్టి అడిగింది.

"ఏమో పిన్నీ" అన్నాను. అప్పట్లో ఎవరేం అడిగినా నా జవాబు అదే.

మాది బాపట్ల. నాన్నకి జబ్బు చేసి గుడిలో అర్చకత్వం ఆగిపోయిన ఏడాదే నా ఇంటర్ చదువూ ఆగిపోయింది. నన్ను తెనాలిలో పిన్ని ఇంటికి పంపారు. బోసు రోడ్డు వెనక సందులో ప్రకాశరావుగారి ఇంటర్నెట్ సెంటర్‌లో పనికి కుదిరాను. ప్లైవుడ్ గదులు, వాటికి పూల పూల పరదాలు, కరెంటు పోతే కుయ్యోమని అరిచే యూపీయస్. వచ్చినవాళ్లకి కంప్యూటర్ చూపించడం, టైపింగు రానివాళ్లకి చేసిపెట్టడం నా పని. మనుషులతో మాట్లాడాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. అందుకే ఆ చోటు నాకు నచ్చింది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఆ వైపు వెళ్తే ఇప్పటికీ నాకు వేడెక్కిన మానిటర్ వాసన, దానితో కలిసిన ఎండు రొయ్యల వాసన తగిలినట్టే ఉంటుంది.

ఎండు రొయ్యలు బసవేశ్వరరావుగారివి. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కోడలికి ఆ వాసన పడదు. అందుకని ధనమ్మ చేత రొయ్యలు సెంటర్‌కే తెప్పించుకుని, స్నేహితుడి హోటల్‌లో వేపుడు చేయించుకు తినేవారు. యుద్ధాలంటే ఆయనకి ప్రాణం. తెలుగువాళ్లు కలిసి వాదించుకునే ఒక వెబ్‌సైట్లో రోజూ మధ్యాహ్నం కూర్చునేవారు. అక్కడ మాటలు తెలుగే, అక్షరాలు ఇంగ్లీషు. అసలు పేర్లు ఎవరూ పెట్టుకునేవారు కాదు. ఈయన పేరు డేగ. హైదరాబాదులో ఉండే ఆయన బద్ధ విరోధి పేరు తూనికరాయి. బసవేశ్వరరావుగారు ఒక్క వేలితో టైపు చేస్తూ, చేసే ప్రతి మాటా పైకి అనేవారు. పరదా వేసుకున్నా లాభం లేదు, వీధిలోకి వినిపించేది.

2008 మొదట్లో గల్ఫ్‌లో మళ్లీ ఇరాన్ పడవలు, అమెరికా ఓడలు ఎదురెదురు పడ్డాయని పేపర్లో వచ్చింది. దాంతో వెబ్‌సైట్లో పాత గొడవ లేచింది. ఇరవై ఏళ్ల కిందట అదే సముద్రంలో అమెరికా ఇరాన్ మీద చేసిన దాడి నెగ్గినట్టా, కాదా అని.

"ఒక్క పూటలో... ఇరాన్... నేవీ... నడుం... విరిగింది" అంటూ ఆయన టైపు చేస్తుంటే ధనమ్మ గుమ్మంలో బుట్ట దించి అలాగే నిలబడిపోయింది.

"బాబుగారూ, ఏ గల్ఫండీ అది?"

"ఎన్నున్నాయేంటి గల్ఫులు? రొయ్యలు తెచ్చావా?"

"ఓడల మీద బాంబులేసుకున్నారు, ఆ గల్ఫేనా అని."

"అదే. అమెరికా నెగ్గిందంటాను నేను. హైదరాబాదులో ఒక తిక్కశంకరయ్య కాదంటాడు. వారం నుంచి తేలట్లా."

"తగువు పెట్టారాండీ?"

"పెట్టాం."

"ఎంతమంది కూర్చున్నారు?"

"అబ్బో! దుబాయ్ నుంచి ఒకడు, డల్లాస్ నుంచి ఒకడు. చాలామందే."

"పేర్లు పిలిచారా మరి?"

ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ప్రకాశరావుగారు మాత్రం ముక్కు మూసుకుని, "ధనమ్మా, ఆ బుట్ట బయట పెట్టమన్నానా!" అన్నారు.

"బయట పెడితే మీరు పిల్లిని తోలతారా బాబూ?" అంది ధనమ్మ, కళ్లు మాత్రం ఆ పరదా మీదే ఉంచి.

బసవేశ్వరరావుగారు వెళ్లాక నా దగ్గరికి వచ్చింది. "పాపా, ఆ తగువు నాకు చదివి వినిపిస్తావా? చదివినందుకు ఏం తీసుకుంటావు? చేప తినవు గదా నువ్వు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నా ఓణీకి అంటిన వాసనకి పిన్ని రాత్రి నాచేత బావి దగ్గర స్నానం చేయించింది.

ధనమ్మ చెప్పింది ఇది. వాళ్ల పాలెంలో రెండు పడవలు గుద్దుకున్నా, ఒకరి వల ఇంకొకరు కోసినా, పెద్దల ముందు తగువు పెడతారు. తప్పు ఎవరిదో మాట్లాడకముందే పెద్ద ఆ పూట నీళ్ల మీద ఉన్న అందరి పేర్లూ గట్టిగా పిలుస్తాడు. తిరిగొచ్చినవాడు తనే పలుకుతాడు. రానివాడి పేరు పిలిచినప్పుడు రెండు పక్షాలవాళ్లూ "ఉన్నాడు" అనాలి. ఆ తర్వాతే తగువు. అలా అనిపించుకోకముందు ఆ మనిషి కోసం ఇంట్లోవాళ్లు ఏడవకూడదు. ఏడిస్తే సముద్రం మీద ఉన్న మిగతావాళ్లకి మంచిది కాదు.

ధనమ్మ తమ్ముడు నాని. తల్లి పోతే ఆమే పెంచింది. మీసాలు వచ్చీరాని వయసులో బొంబాయి వెళ్లి నూనె ఓడ ఎక్కాడు. ఆ దాడుల రోజుల్లోనే గల్ఫ్‌లో ఆ ఓడకి ఏదో తగిలి మంట లేచింది. ఎవరిదో తెలియదు. ఓడ ఇరాన్‌దీ కాదు, అమెరికాదీ కాదు. కంపెనీ మనిషొకడు వచ్చి ప్రమాదం అని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. ఆ సముద్రం పాలెం పెద్దలది కాదు. అక్కడి తగువు వాళ్ల చేతిలో లేదు. కాబట్టి నాని పేరు ఎవరూ పిలవలేదు. ఇరవై ఏళ్లుగా ధనమ్మ తమ్ముడి కోసం ఏడవలేదు. ఇంట్లో మరిదిదీ, బావగారిదీ రెండు పడవలు రోజూ నీళ్ల మీదికి పోతుంటే ఎలా ఏడుస్తుంది?

"ఇన్నాళ్లకి కూర్చున్నారు పాపా" అంది. "ఇప్పుడు పిలుస్తారు."

అప్పటి నుంచి ప్రతి మంగళవారం చదివి వినిపించాను. బుట్టని మోకాళ్ల మధ్య పెట్టుకుని, వీధి వైపు చూస్తూ వినేది. ఎన్ని ఓడలు మునిగాయో, ఎవరి తరఫున ఎంతమంది పోయారో తూనికరాయి ఒక లెక్క, డేగ ఒక లెక్క వేసేవారు.

"ఇందులో మావాడున్నాడా?"

"లేడండి. వీళ్లు ఇరాన్ వాళ్లు."

"ఇందులోనో?"

"వీళ్లు అమెరికా వాళ్లండి."

"ఓడల్లో పన్లు చేసుకునేవాళ్లని రాయలేదా?"

"లేదండి."

"అయితే ఏం తగువు ఇది, పేర్లు పిలవకుండానే అరుచుకుంటన్నారు! మనం రాద్దాం పాపా. నేను చెప్తా, నువ్వు కొట్టు."

అంతమంది చదివే చోట ఒక్క అక్షరం పెట్టడమంటే బడిలో బల్ల ఎక్కించి నిలబెట్టినట్టే నాకు. అయినా టైపు చేశాను. 'నా పేరు ధనమ్మ. మాది నిజాంపట్నం. మా తమ్ముడు నాని ఆ గల్ఫ్‌లో నూనె ఓడ మీద ఉన్నాడు, తిరిగి రాలేదు. తగువుకి ముందు పేర్లు పిలవాలి. మా వాణ్ణి పిలవండి.' ఆ వెబ్‌సైట్లో సొంత పేరు, ఊరి పేరు పెట్టినది ఆమె ఒక్కతే.

మరుసటి వారానికి బోలెడు జవాబులు వచ్చాయి. లింకు ఇవ్వమని ఒకడు అడిగాడు.

"లింకంటే?"

"ఆధారమండి. మీ తమ్ముడు అక్కడున్నట్టు."

"వాణ్ణి చంకన వేసుకుని అన్నం తినిపించింది నేను. ఇంకేం కావాలంట?"

కింద ఇంకా ఉంది. చదవాలనిపించలేదు కానీ చదివాను. డేగ రాశాడు: నిజాంపట్నం కుర్రాణ్ణి చంపింది ఇరాన్ పెట్టిన మందుపాతరే, అందుకే ఆ దాడి న్యాయం, అది విజయం. తూనికరాయి రాశాడు: ఆ సముద్రంలోకి యుద్ధాన్ని తెచ్చింది అమెరికా, ఆ కుర్రాడి చావే దాని ఓటమికి రుజువు. అక్కడి నుంచి పేజీల కొద్దీ నాని మీదే కొట్లాట.

చదువుతుండగా ధనమ్మ మొదటిసారి నా వైపు తిరిగింది. "వాణ్ణి పంచుకుంటన్నారేంటి పాపా? తలో ముక్కా కోసుకోడానికి సొరచేపా వాడు?"

సరిగ్గా అప్పుడే బసవేశ్వరరావుగారు అకాల వానకి తడిసిన గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చారు.

"బాబుగారూ, మా నాని మీకేమవుతాడండి?"

ఆయన నా ముఖం చూశారు. నేను కీబోర్డు చూసుకున్నాను.

"అదేంటి ధనమ్మా, నీ తరఫునే కదా మాట్లాడాను! చంపినవాళ్లెవరో చెప్పాను."

"నేనడిగింది అది కాదండి. పేరు పిలవమన్నాను."

"పిలిస్తే చర్చ తేలుతుందా?"

"తేలకపోతే పోనీండి. మీరూ ఆయనా ఏడాది అరుచుకోండి, నాకేంటి? వాణ్ణి మాత్రం వదిలేయండి. ఒట్టి పేరు పిలవండి."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. గొడుగు పక్కన పెట్టి, "అది నా గట్టి పాయింటే తల్లీ. నేనొదిలేస్తే ఆ తూనికరాయిగాడు ఎగరేసుకుపోతాడు" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నిజంగానే చిన్నబోయారు.

"ఇద్దరూ ఒకేసారి వదిలేస్తేనండి?"

ఆ మాట అన్నది నేనే. ప్రకాశరావుగారు కూడా తలెత్తి చూశారు.

ఆ సాయంత్రం ధనమ్మ చెప్పిన పద్ధతంతా నేను తూనికరాయికి రాశాను. పేరు ఎలా పిలుస్తారో, రెండు పక్షాలూ ఏమనాలో, అనకపోతే ఇంట్లోవాళ్లు ఏం చేయకూడదో. రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు ఒక్క ముక్క వచ్చింది. 'మంగళవారం మధ్యాహ్నం ఉంటాను. డేగ పిలిస్తే నేను పలుకుతాను.'

ఆ మంగళవారం కరెంటు పోయింది. యూపీయస్ అరిచి అరిచి ఆగిపోయింది. ధనమ్మ గుమ్మంలో, బసవేశ్వరరావుగారు లోపల చీకట్లో కూర్చున్నారు. ఆయన రొయ్యల సంగతే ఎత్తలేదు. రేపల్లె బండి వేళ దగ్గరపడింది.

"పోయొస్తావా ధనమ్మా? వచ్చే వారం చూద్దాం" అన్నారు ప్రకాశరావుగారు.

"బండి పోతే పోయింది బాబూ. నా మొగుడు పెద్దిరాజు ఇంట్లో వల కుట్టుకుంటా ఉంటాడు, గంజి వార్చుకోగలడు." ఆమె నా వైపు చూసి నవ్వింది. "ఇంట్లో ఒకడుండగా నాకు ఇరాన్‌లో ఇంకొకడున్నాడంట పాపా, రైల్లో చెప్పుకుంటన్నారు. విన్నావా?"

"విన్నానండి" అన్నాను.

ఫ్యాను తిరిగింది. నేను వెబ్‌సైటు తెరిచేలోగా బసవేశ్వరరావుగారు కళ్లద్దాలు తుడుచుకుని వేలు చాపి సిద్ధంగా ఉన్నారు. ఆయనకి పైకి అనకుండా టైపు చేయడం రాదు కదా. "నాని" అన్నారు. అది వీధిలోకి వినిపించింది. "నిజాంపట్నం" అన్నారు. మీట నొక్కారు. విజయం అని గానీ, ఇరాన్ అని గానీ ఒక్క మాట చేర్చలేదు.

అందరం తెర వైపు చూస్తున్నాం, ధనమ్మ తప్ప. ఆమె వీధి వైపే చూస్తోంది. పేజీ తెరుచుకోవడానికి ఆ రోజుల్లో ఎంతసేపు పట్టేదో ఇప్పటివాళ్లకి చెప్పినా నమ్మరు. మళ్లీ తెరిచాను. మళ్లీ తెరిచాను.

"వచ్చిందండి" అన్నాను. "ఉన్నాడు, అని రాశారు."

బసవేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. చొక్కా సర్దుకుని, ధనమ్మకి వినపడేలా, "ఉన్నాడు" అన్నారు.

ధనమ్మ మెట్టు మీద కూర్చుంది. బుట్ట పక్కకి జరిపింది. కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. ముందు చప్పుడు రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత వచ్చింది. వీధిలో పూలమ్ముకునే ఆవిడ గంప దించుకుని ఆగిపోయింది. ప్రకాశరావుగారు ఎవరూ అడక్కుండానే ఆ పూట సెంటర్ తలుపు దగ్గరికి వేశారు. నేను మంచినీళ్లు పట్టుకెళ్లి పక్కన కూర్చున్నాను.

డేగ, తూనికరాయి మర్నాటి నుంచే మళ్లీ మొదలెట్టారు. నాని ఊసు మాత్రం ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. ఎండాకాలంలో ఆ చర్చ ఎటూ తేలకుండానే వెబ్‌సైటువాళ్లు మూసేశారు. ధనమ్మ మంగళవారాలు వస్తూనే ఉంది. రొయ్యలు ఇచ్చి, నన్ను పలకరించి, బండికి వెళ్లిపోయేది. తగువు ఏమైందని ఒక్కసారీ అడగలేదు. ఒకసారి మాత్రం నాకోసం రేపల్లె నుంచి తాటి ముంజలు తెచ్చింది. ఆకులో చుట్టి, చేపలకి తగలకుండా విడిగా పట్టుకొచ్చింది.

కొన్నాళ్లకి పిన్ని మళ్లీ అడిగింది, ధనమ్మ ఆ కంప్యూటర్‌లో చూసుకునే ముఖం ఎవరిదో ఇప్పటికైనా చెప్పమని. ఈసారి "ఏమో" అనలేదు. తెర మీద ముఖమేదీ లేదని చెప్పాను. నాని బతికుండగా ఫొటో తీయించుకున్నది ఒక్కసారే, బొంబాయి వెళ్లేముందు రేపల్లె స్టూడియోలో. ఆ కాపీలన్నీ పాస్‌పోర్టు కాగితాలకే అయిపోయాయి. ధనమ్మ దగ్గర తమ్ముడి ఫొటో ఒక్కటి కూడా లేదు.