టైపు టీచరమ్మ వైఫై కార్డు

ఆమెను వీధిలో అందరూ టైపు టీచరమ్మ అనే పిలుస్తారు. ఆమె టైపు నేర్పిన ఇన్‌స్టిట్యూట్ మూతపడి ఏళ్లు గడిచినా ఆ పేరు మాత్రం మూతపడలేదు. భర్త బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఆయన కేకేస్తే చివరి సీట్లో కునికేవాళ్లు కూడా ఉలిక్కిపడి చిల్లర తీసేవారు. పక్షవాతం వచ్చి కుడిచేత్తో పాటు ఆ గొంతునీ పట్టుకుపోయింది. మాటలు లోపల బాగానే ఉన్నాయి. నోటిదాకా వచ్చేసరికి ముక్కలైపోతున్నాయి.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఇకమీదట వీడియోలో పాఠం చెబుతానంది. ఫోన్‌లో ఆవిడ పెదాల కదలిక ఆయన కంటికి ఆనలేదు. హాల్లోని కంప్యూటర్‌ను మంచం దగ్గరికి మార్చారు గానీ ఇంటర్నెట్ కేబుల్ అంతదూరం రాదు. గోడకు రంధ్రం పెడితే ఇంటి ఓనరు ఊరుకోడు. టీచరమ్మ వైఫై కార్డు కొనుక్కొచ్చి, కంప్యూటర్ డబ్బా విప్పి తనే బిగించింది.

కంప్యూటర్ దాన్ని పట్టించుకుంటేగా! అందులో ఉన్నది అందరూ వాడే విండోస్ కాదు, లైనక్స్. షాపతనికి ఫోన్ చేస్తే, "లైనక్స్‌లో ఇవి పనిచేయవమ్మా, సిస్టమ్ మార్పించుకోండి" అన్నాడు తేలిగ్గా.

"చేస్తుందో లేదో నేను చూసుకుంటాలే నాయనా" అని పెట్టేసింది.

మంచం మీంచి ఆయన చూస్తూనే ఉన్నాడు. తెర మీద తప్పు కనబడితే జనం చటుక్కున మూసేస్తారు. ఈవిడ అలా కాదు, పిల్లల పేపర్లు దిద్దినట్టు అక్షరం వదలకుండా చదువుతుంది. కార్డు అట్టపెట్టె మీది పేరు వేరు, కార్డులోని చిప్ పేరు వేరు అని అలాగే పట్టుకుంది. ఆ చిప్‌ను నిద్ర లేపడానికి ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు కావాలట.

"బాగుంది వరస! ఇంటర్నెట్ రావాలంటే ఫైలు కావాలి. ఫైలు కావాలంటే ఇంటర్నెట్ రావాలి!"

ఆయనకు నవ్వొచ్చింది. "పి... పిచ్చి..." అన్నాడు.

"ఎవరికండీ, నాకా?"

ఆయన తల అడ్డంగా ఊపి, "పె... పెళ్లి" అన్నాడు.

"ఓహో! పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు. అదేనా?"

నవ్వుతూనే ఆమె తన ఫోన్‌ను చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కు తగిలించి, అందులోని ఇంటర్నెట్‌ను ఇటు మళ్లించింది. ఫైలు దిగింది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే తెర మూలన వైఫై గుర్తు వచ్చింది. ఆ సంబరం కాసేపే. వాళ్ల ఇంటి వైఫై పేరు ఇలా కనబడి అలా మాయమైపోతోంది.

ఎంత చదివినా ఈసారి తప్పన్నదే లేదు. ఆమె కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "తప్పు చెబితే దిద్దుకుంటాను. ఏమీ చెప్పకపోతే ఏం చేసేదండీ?"

ఆమె అలా నీరుకారిపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. మనసు చివుక్కుమంది. అప్పుడు కనబడ్డాయి, మంచం కాళ్ల దగ్గర పడేసిన అట్టపెట్టెలోంచి తొంగిచూస్తున్న రెండు నల్లటి పుల్లలు. ఎడమచెయ్యి చాపాడు. "కొ... కొ..."

"కొంచెం నీళ్లా?"

ఆయనకు ఒళ్లు మండింది.

"కొమ్ములు!"

గది దద్దరిల్లింది. ఆమె పెట్టె వైపు చూడలేదు, ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. ఆయనే విసుగ్గా వేలు మళ్లీ ఆడించాల్సి వచ్చింది. అవి కార్డు యాంటెనాలు. వెనకాల బిగిస్తుంటే ఒకటి ఓ పట్టాన మర ఎక్కలేదు. ఎక్కాక సిగ్నల్ నిండుగా వచ్చింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ముఖం తెర నిండా కనబడింది. టీచరమ్మ కుర్చీ పక్కకు లాక్కుని కూర్చుంది. "అ" అనమంది డాక్టరమ్మ. ఆయన భార్య వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.