పదకొండో పాట తర్వాత

దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్లని నేను మూడే అడిగేవాణ్ణి. ఎన్ని గంటలకి చూశారు? ఎంత దూరంలో? ఎంతసేపు? ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను. మూడింటికీ సరైన జవాబు చెప్పినవాళ్లు ఒక్కరూ తగల్లేదు. అందుకే అలాంటివి లేవని నా నమ్మకం.

ఇప్పుడు నేను చెప్పబోయేదానికి మాత్రం మూడు జవాబులూ ఉన్నాయి. ఉదయం ఏడు గంటల నలభై ఒక్క నిమిషాలకి. దూరం లేదు, నా చెవుల్లోనే. పదకొండు నిమిషాలు.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాను. మామిడికుదురు చుట్టుపక్కల ఫలానా రొయ్యల చెరువులో ఎంత నీరుంది, దానికి ఎంత సున్నం చల్లాలి అన్నది తేల్చాలంటే నన్నే పిలుస్తారు. ఎవరికీ పాఠం చెప్పకపోయినా అందరూ మాస్టారనే అంటారు. కొబ్బరి దింపు రోజుల్లో తోటలో నిలబడి, చెట్టుకి ఎన్ని కాయలు దిగాయో పుస్తకంలో రాస్తాను.

దింపు తీసే మనిషి కాళ్లకి తాడు బంధం వేసుకుని చెట్టెక్కి, గెలలు కోసి కింద పడేస్తాడు. దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కత్తి వేసే ముందు పైనుంచి కేక వేస్తాడు. కిందున్నవాళ్లు ‘ఆయ్’ అని పలకాలి. పలికాకే గెల దిగుతుంది. ఎవరి తల మీదా పడకూడదన్నది దానికి అందరూ చెప్పే కారణం. ఇంకో కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. నలభై ఐదు అడుగుల ఎత్తున ఒక్కడే ఉన్నవాడికి, కింద తనకోసం ఒక మనిషి ఉన్నాడని తెలిసేది ఆ పలుకుతోనే.

నాకు అలవాటైన మనిషి సూరిబాబు. ముప్పై ఎనిమిదేళ్లవాడు. అతను ఎక్కితే కింద అతని భార్య నాగమణి నిలబడి పలికేది, కాయలు ఏరేది. నేను రాసుకునేవాణ్ణి. ఆరేళ్లు అలాగే నడిచింది.

నిరుడు మా అమ్మాయి కొత్త ఫోను కొనుక్కుని, పాతది నాకిచ్చింది. సిమ్ము తీసేసి అందులో ఇరవై ఆరు పాత పాటలు ఎక్కించి, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు తగిలించింది. సిమ్ము లేదన్నది గుర్తుంచుకోండి. ఆ ఫోనుకి ఎవరూ ఫోన్ చెయ్యలేరు. ఆ పాటలన్నీ కలిపి తొంభై ఏడు నిమిషాలు. ఏ పాట తర్వాత ఏది వస్తుందో, ఏది ఎంతసేపో నాకు కంఠతా.

తోటలో ఓ పక్కన ఒక్కడే నిలబడి అంకెలు రాసేవాడికి పాటలు ఎంత తోడో చెప్పలేను. కాయల లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ ధీమాతోనే మరీ అలవాటు పడ్డాను.

ఆ రోజు నాగమణికి జ్వరం. ముందురోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చి చెప్పింది.

“రేపు నేను రాలేనండీ మాస్టారండీ. ఆయన పిలిస్తే మీరు పలకండేం. పలక్కపోతే ఆయనకి చెయ్యి ఆడదండీ.”

“ఆయ్, పలుకుతానులేమ్మా,” అన్నాను.

పొద్దున్న తోటలో సూరిబాబు నా చెవుల వైపు చూసి నవ్వాడు.

“పాటలెట్టుకుని నా కేకేం వింటారండీ?”

“నువ్వు పైనుంచి కత్తి ఊపు. నేను చెయ్యెత్తుతాను. చెయ్యెత్తితే ఆయ్ అన్నట్టే.”

“అయితే ఇవాళ మా ఆవిడ గొంతుకి బదులు తమరి చెయ్యన్నమాట. అదే మేలండీ, చెయ్యి తిట్టదు కదండీ,” అని నవ్వుకుంటూ ఎక్కాడు.

నాగమణికి ఇచ్చిన మాటని మేమిద్దరం కలిసి అలా మార్చేశాం. మార్చమన్నది నేను.

పదహారు చెట్లు ఏ ఇబ్బందీ లేకుండా సాగాయి. పదిహేడో చెట్టు మీద అతను కత్తి ఊపాడు. నేను చెయ్యెత్తాను. గెల పడలేదు. మట్టలు శుభ్రం చేస్తున్నాడనుకున్నాను. ఒక్కో చెట్టుకి ఆ పని ఉంటుంది. ఈలోగా పదహారో చెట్టు కాయలు లెక్కపెడదామని అటు నడిచాను. ఇరవై అడుగులు కూడా ఉండదు. అప్పుడే, రెండో చుట్టులో తొమ్మిదో పాట మొదలైంది.

ఆ తర్వాత పదో పాట, పదకొండో పాట. పదకొండో పాట అయిపోయి పన్నెండోది మొదలయ్యే లోపల, ఆ చిన్న నిశ్శబ్దంలో, నా అరికాళ్లకి నేల అదిరినట్టు తెలిసింది. గెల పడితే అలా అదరదు.

తొమ్మిదో పాట మూడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. పదోది నాలుగు నిమిషాల ఐదు. పదకొండోది మూడు నిమిషాల ఏడు. మొత్తం సరిగ్గా పదకొండు నిమిషాలు.

పదహారో చెట్టు వైపున్న పక్క తోటలో అబ్బులు అనే అతను దింపు తీస్తున్నాడు. నా అరుపులకి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి సూరిబాబుని ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. వెన్ను దెబ్బతింది. మూడో రోజు కాస్త మాట వచ్చింది. నాగమణి మందులకి కిందికి వెళ్లింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. చాలా నెమ్మదిగా అన్నాడు.

“కాళ్ల తాడు తెగిపోయిందండీ. కత్తి ఊపుతా, అబ్బులుని పిలవండని అరిచేను. తమరు చెయ్యెత్తి అటు నడిచేరు కదండీ. పిలవడానికే అనుకున్నానండీ. ఇంకెందుకని మళ్లీ అరవలేదండీ. పట్టుకుని ఉన్నాను. ఆలస్యమైందేటండీ, అబ్బులు లేడా?”

నన్ను తప్పుపట్టలేదు. నిజంగానే అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా నాగమణి వచ్చేసింది. నాలుగో రోజు తెల్లవారాక అతను పోయాడు.

పెద్దకర్మ నాడు నాగమణి నన్ను పక్కకి పిలిచి ఒక్కటే మాట అడిగింది.

“ఆయన పిలిచేరా అండీ?”

“లేదమ్మా,” అన్నాను. “ఒక్కసారిగా జారిపోయాడు. పిలిచే వ్యవధి కూడా లేదు.”

నేను పుస్తకంలో తప్పు అంకె వెయ్యలేదు ఎప్పుడూ. నోటితో వేసిన తప్పు అంకె అదొక్కటే. పదకొండుని సున్నా చేశాను.

నలభై రోజులు ఇయర్‌ఫోన్లు ముట్టుకోలేదు. ఆ తర్వాత ఒక ఉదయం పెరట్లో కుర్చీ వేసుకుని, ఏడు గంటలకి పాటలు పెట్టాను. ఇరవై ఆరో పాట అయ్యాక చేతి గడియారం చూస్తే ఎనిమిదీ నలభై ఎనిమిది. ఎనిమిదీ ముప్పై ఏడు ఉండాలి.

గడియారం తప్పనుకున్నాను. గోడ గడియారం కూడా అదే చెప్పింది. మర్నాడు మళ్లీ పెట్టాను. అదే నూట ఎనిమిది నిమిషాలు. ఇయర్‌ఫోన్లు తీసేసి ఫోన్ని బయటికి మోగించాను. తొంభై ఏడు. అవే ఇయర్‌ఫోన్లు మా ఆవిడ ఫోనుకి తగిలించి, అవే పాటలు అందులో వేసి విన్నాను. మళ్లీ నూట ఎనిమిది. ఊరికే పెట్టి ఎవరూ వినకుండా వదిలేస్తే తొంభై ఏడు. నేను చెవుల్లో పెట్టుకుంటేనే ఎక్కువ వస్తోంది.

ఎక్కడ ఎక్కువవుతోందో పట్టుకోవాలని, ప్రతి పాట చివరా టైము రాశాను. పదకొండో పాట ఏడూ నలభై ఒకటికి అయిపోయింది. పన్నెండోది ఏడూ యాభై రెండుకి మొదలైంది. నాకు మాత్రం ఆ రెంటి మధ్యా కన్ను మూసి తెరిచినంతే. ఏమీ వినపడలేదు. ఏమీ కనపడలేదు. పక్కన స్టూలు మీద పెట్టుకున్న వేడి కాఫీ చల్లారి, మీగడ కట్టి ఉంది.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

“మూడు మాట్లు పిలిచేను. పలకరేంటండీ? పైగా బడిపిల్లాడిలా ఆ చెయ్యెత్తుకుని కూర్చోడమేంటి, ఎవరినేం అడుగుతున్నారు?”

అప్పుడు చూసుకున్నాను. నా కుడి చెయ్యి పైకి ఎత్తి ఉంది. భుజం నొప్పి పుడుతోంది. పదకొండు నిమిషాలు ఎత్తి ఉంచితే ఎంత నొప్పి పుట్టాలో అంత.

డాక్టరుకి చూపించుకున్నాను. పరీక్షలు చేశారు. మెదడులో ఏ లోపమూ లేదన్నారు. దిగులుతో అలా జరగొచ్చన్నారు. కావచ్చు. దిగులు మనిషిని మైమరిపిస్తుంది, ఒప్పుకుంటాను. మరి నేను మైమరిచినంతసేపూ పాటలెలా ఆగుతాయి? నేను వినకపోయినా పన్నెండో పాట తన దారిన తను మోగాలి కదా. మా ఆవిణ్ణి ఫోను తెర చూస్తూ కూర్చోమన్నాను. పదకొండో పాట పేరు దగ్గరే నిమిషాల అంకె కదలకుండా నిలబడిపోయిందని, తను ఎంత నొక్కినా కదల్లేదని చెప్పింది. ఆ రోజు నుంచి తను వేళాకోళం మానేసింది.

“ఎవరికైనా ఏమైనా చెప్పాల్సింది ఉందేమో చూసుకోండి,” అంది. అంతకుమించి అడగలేదు.

ఇంకో పన్నెండు రోజులు వాయిదా వేశాను. తర్వాత ఒక మధ్యాహ్నం ఫోనూ ఇయర్‌ఫోన్లూ జేబులో వేసుకుని నాగమణి ఇంటికి వెళ్లాను. వీధరుగు మీద కూర్చుని, కొబ్బరి ఆకుల ఈనెలు చీరి చీపుళ్లు కడుతోంది. మంచినీళ్లు ఇచ్చింది. తాగాక చెప్పేశాను. కత్తి ఊపడం, చెయ్యెత్తడం, తాడు తెగడం, ఆసుపత్రిలో అతను అడిగింది, పెద్దకర్మ నాడు నేను చెప్పిన అబద్ధం. పాటల సంగతి కూడా.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకు కొంచెం తేలికయ్యేదేమో. చేతిలో ఈనె అలాగే పట్టుకుని అడిగింది.

“ఎంతసేపన్నారండీ?”

“పదకొండు నిమిషాలు.”

“అంతసేపూ మళ్లీ అరవలేదా ఆయన?”

“లేదమ్మా. నేను వెళ్లాననుకున్నాడు.”

“అరవరండీ. ఒకసారి ఆయ్ అన్నాక నమ్మేస్తారు. మా పెళ్లప్పట్నుంచీ అంతేనండీ.” ఈనె కింద పెట్టి చెయ్యి చాపింది. “అవిలా ఇయ్యండి.”

తొమ్మిదో పాట నుంచి పెట్టాను. అక్కడి నుంచి పెట్టినా అలాగే అవుతుందని ముందే పరీక్షించి ఉన్నాను. ఆమె చెవుల్లో పెట్టుకుని మళ్లీ ఈనెలు చీరడం మొదలుపెట్టింది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడూ పదికి పెట్టాను. మూడూ ఇరవై ఒకటికి తెర మీద అంకె ఆగిపోయింది.

ఆమె చేతులు ఆగాయి. తల పైకెత్తింది. అక్కడ చెట్టు లేదు, వసారా రేకు తప్ప. నాలా మైమరిచిపోలేదు. కళ్లు బాగా తెరిచే ఉన్నాయి. మామూలు గొంతుతో, తోటలో పలికినట్టే, “ఆయ్” అంది.

కాస్త ఆగి మళ్లీ, “ఆయ్, ఇక్కడే ఉన్నానండీ.”

ఇంకాసేపటికి, “అబ్బులు వత్తన్నాడు. గట్టిగా పట్టుకోండి.”

అలా మధ్యమధ్యలో పలుకుతూనే ఉంది. నేను లెక్కపెట్టాను. పద్నాలుగు సార్లు. మూడూ ముప్పై రెండుకి అంకె కదిలి పన్నెండో పాట మొదలైంది. ఆమె ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. ముఖం తుడుచుకుంది.

“ఏం వినపడిందమ్మా?” అన్నాను.

“అది మీకెందుకండీ,” అంది. కోపంగా అనలేదు. “ఇవి నా దగ్గర ఉంచుతానండీ.”

“ఫోను కూడా ఉంచుకో.”

“ఫోను నాకెందుకండీ? మీ పాటలు మీరు పట్టుకెళ్లండి.” తీగని చుట్టచుట్టి, పిన్నుతో సహా బొడ్డులో దోపుకుంది. “పలకమని మీకు చెప్పడం నాదే తప్పండీ మాస్టారండీ. మీరు లెక్క చూసుకోండి. పలకడం నేను చూసుకుంటాను.”

లేచి వచ్చేశాను. క్షమించమని అడగడానికి వెళ్లినవాణ్ణి, ఆ మాట అడిగానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు.

కొత్త ఇయర్‌ఫోన్లు కొన్నాను. పాటలు వినాలని కాదు, సరిచూడాలని. తొమ్మిది సార్లు చూశాను. తొమ్మిదిసార్లూ తొంభై ఏడు నిమిషాలే. లెక్క సరిపోయినందుకు గుండె బరువెక్కడం నా జన్మలో అదే మొదలు. ఆ పదకొండు నిమిషాలు నా తప్పుకి నాకు మిగిలినవి. వాటిని కూడా ఆమె మీద పెట్టి వచ్చినట్టయింది.

తోటల్లో రాసే పనికి ఇప్పటికీ వెళ్తున్నాను. చెవుల్లో ఏమీ పెట్టుకోను. పైనుంచి కేక వస్తే గట్టిగా పలుకుతాను, రెండుసార్లు పలుకుతాను. అబ్బులు నవ్వుతాడు, “ఒకసారి చాలండీ” అంటాడు.

మొన్న ఆ వీధిలోంచి వెళ్తూ చూశాను. నాగమణి అరుగు మీద చీపుళ్లు కడుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. తీగ ఒళ్లోంచి కిందికి వేలాడుతోంది. దాని చివర పిన్ను ఏ ఫోనుకీ తగిలించి లేదు, గాలికి అరుగు అంచుకి తగిలి కదులుతోంది. ఎన్ని గంటలకి అంటారా, మూడూ ఇరవై ఐదు. ఎంత దూరంలో అంటే ఎనిమిది అడుగులు. ఎంతసేపన్నది చెప్పలేను. ఆమె తలెత్తి “ఆయ్” అనేసరికి నేను అక్కడ నిలబడలేకపోయాను.