ఉలిగమ్మ ఊపిన పచ్చజెండా

పెనుకొండ బస్టాండు దగ్గర ఒక జిరాక్సు షాపులో కూర్చుని పదహారేళ్లుగా అర్జీలు రాస్తున్నాను. ఎక్కువగా భూముల గొడవలు, పింఛన్లు. చెప్పేవాళ్ల ముఖం చూస్తే పెన్ను కదలని అర్జీ ఎప్పుడో ఒకటి వస్తుంది. ఉలిగమ్మది అలాంటిది.

ఆమెది రొద్దం దగ్గర ఒక మెట్ట ఊరు. మొగుడు నాగప్ప గొర్రెలు కాసేవాడు. ఒక వానాకాలం రోగమొచ్చి మందలో సగం చచ్చిపోయింది. మిగిలినవి అమ్మేసి ఇద్దరూ రోడ్డు పనికి వచ్చారు. హిందూపురం నుంచి పెనుకొండ, కొత్తచెరువు మీదుగా ధర్మవరం దాకా రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులవి.

సగం రోడ్డు తవ్వేస్తే మిగతా సగం మీదే రెండు వైపుల బండ్లూ వంతులవారీగా పోవాలి. ఈ కొసన ఉలిగమ్మ, ఆ కొసన నాగప్ప జెండాలు పట్టుకుని నిలబడేవాళ్లు. నడుమ మలుపు. ఒకరికొకరు కనబడరు. చేతిలో వైర్‌లెస్ సెట్లు ఉండేవి. "ఇడుసుమే, దారి ఖాళీగా ఉండాది" అని అతనంటే ఈమె పచ్చజెండా ఊపి బండ్లు వదలాలి. ఆ సెట్లో పని మాటలే కాదు, "సంగటి తిన్యావా?", "ఎండ మండిపోతాంది, నెత్తిన గుడ్డేసుకో" అనే మాటలూ నడిచేవి. సూపర్‌వైజరు విని తిట్టేవాడట. ఈ సంగతి చెబుతున్నప్పుడు మాత్రం ఉలిగమ్మ ముఖంలో నవ్వు చూశాను.

ఒక మార్చి నెలలో, పొద్దున పదకొండు గంటలప్పుడు, నాగప్ప "ఇడుసుమే" అన్నాడు. ఈమె జెండా ఊపింది. ముందు బండి గ్రానైటు రాళ్ల లారీ. ఈలోపు మలుపులో గాలికి పడిపోయిన ప్లాస్టిక్ కోన్లను నిలబెట్టడానికి నాగప్ప రోడ్డు మీదికి దిగాడు.

లారీ పోయాక సెట్లో అతని మాట రాలేదు. మూడుసార్లు పిలిచింది. అటునుంచి మోటారు సైకిల్ మీద వచ్చినాయన ఆగి, "ఏమ్మా, ఆడ మీ మనిషి పడిపోయినాడు" అన్నాడు. ఆసుపత్రికి చేరకముందే నాగప్ప ప్రాణం పోయింది.

మూడో రోజు కంపెనీ మేనేజరు ఇంటికొచ్చాడు. "డ్యూటీలో లేడు, సొంత పనిమీద రోడ్డు దాటతా ఉంటే లారీ తగిలిందని రాసినాం. నువ్వు కంప్లయింటు ఇస్తే కేసు నీ మీదికే వస్తాది. జెండా ఊపింది నువ్వే కదా?" అన్నాడు.

అతను చెప్పకముందే ఆమె మనసులో ఉన్న మాట అది. కంప్లయింటు ఇవ్వలేదు. కూతురు యశోద హిందూపురంలో ఇంటరు చదువుతోంది. దినాలు కాగానే మళ్లీ అదే రోడ్డు మీద జెండా పట్టుకుంది.

రోడ్డు పూర్తయింది. రోడ్లు వేసే కంపెనీల సంఘం బెంగళూరులో ఏటా అవార్డులిస్తుంది. అందులో ఒకటి ఈ రోడ్డుకు వచ్చింది. ఆ కబురు చెప్పింది సైట్లో సేఫ్టీ ఆఫీసరుగా ఉన్న సుకన్య, ధర్మవరం అమ్మాయి.

"కూలీల తరఫున ఒకరు స్టేజీ ఎక్కాలంట. నిన్ను పిల్చుకోని రమ్మన్నారక్కా."

"దేనికిచ్చినారు మేడమ్?"

సుకన్య తలెత్తలేదు. "ఒక్క ప్రాణం కూడా పోకుండా రోడ్డేసినందుకు."

"అట్లాంటిదానికి ఎందుకు పోయినావమ్మా?" అని తర్వాత అర్జీ రాసేటప్పుడు అడిగాను. "పోకుంటే నాదే తప్పని అందరికీ తెలిసిపోతాదని బయమన్నా" అంది.

పెద్ద హోటలు. చీర మీద రోడ్డు పనివాళ్లు వేసుకునే పచ్చకోటు కొత్తది వేసి ముందు వరుసలో కూర్చోబెట్టారు. దీపాలు తగ్గించి తెర మీద వీడియో వేశారు. వంతెనలు, రోలర్లు, పైనుంచి తీసిన రోడ్డు. ఉన్నట్టుండి నాగప్ప కనబడ్డాడు. పని మొదట్లో ఎవరో తీసిందట. హెల్మెట్ పక్కకు ఒరిగిపోయింది. భయం వేయదా అని ఎవరో అడిగితే నవ్వాడు. "నాకేం బయం సామీ? ఆ పక్క మా ఆడమనిషి ఉండాది. నన్నడక్కుండా ఒక్క బండినీ ఇడవదు."

హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. వాళ్లలో చాలామందికి అతను లేడని తెలియదు.

ఉలిగమ్మ పేరు పిలిచారు. ఆమె స్టేజీ ఎక్కలేదు. "ఆ ఈడియో ఇంగొక్కసారి ఏపించు మేడమ్" అని సుకన్య చెయ్యి పట్టుకుంది. షీల్డు ఇంకెవరో వెళ్లి తీసుకున్నారు.

బయట వరండాలో సుకన్య ఏడ్చింది. "డ్యూటీలో లేడని ఆ రిపోర్టు రాసింది నేనే అక్కా. రాయమంటే రాసినా."

"నేనూ ఇడుసుమంటే ఇడిసినా మేడమ్" అంది ఉలిగమ్మ.

వారం తర్వాత ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. సుకన్య అప్పటికే ఉద్యోగం మానేసింది. నేను కాగితం తీయగానే ఉలిగమ్మ అంది: "జెండా ఊపింది నేనేనని మొదట రాయన్నా."

"అది నీకే దెబ్బమ్మా."

"నిజం గదా. రాయి."

రాశాను.

కార్మిక శాఖ విచారణకు పదకొండు నెలలు పట్టింది. కోన్లు చూసుకోవడానికి వేరే మనిషి ఉండాలనీ, నాగప్ప పోవడానికి నెల ముందే అతణ్ని తీసేసి ముగ్గురి పని ఇద్దరితో చేయించారనీ సుకన్య చెప్పింది. అలా చేయడం ప్రమాదమని అప్పట్లోనే మేనేజరుకు తాను రాసిన ఉత్తరం నకలూ, తన తప్పుడు రిపోర్టు సంగతీ అధికారి ముందు పెట్టింది. నాగప్ప పనిలో ఉండగానే చనిపోయాడనీ, జెండా ఊపిన మనిషి తప్పు లేదనీ ఉత్తర్వు వచ్చింది. అవార్డు మాత్రం కంపెనీ దగ్గరే ఉంది.

ఉత్తర్వును రెండుసార్లు చదివి వినిపించాను.

"నా తప్పు ల్యాదని రాసినారా?"

"రాసినారమ్మా. సంతకం, ముద్ర కూడా ఉండాయి."

కాగితం అందుకుని మడిచింది. "వాళ్లు రాసినారు సరే. ఆయప్ప ఏమనుకుంటా పోయినాడో అన్నా."



మొన్న సుకన్య పెళ్లికి ధర్మవరం వెళ్లాం. కొత్త రోడ్డు మీద బస్సుకు గంటన్నర కూడా పట్టదు. ఉలిగమ్మ బస్సెక్కలేదు. పెనుకొండ స్టేషన్‌లో రైలు కోసం రెండు గంటలు కూర్చుంది. పక్కన నేనూ కూర్చున్నాను.